ఒడ్డు వాటా

ఆ వేసవిలో నా మొగుడి మీద కుళ్ళుకున్నంతగా నేను జన్మలో ఎవరి మీదా కుళ్ళుకోలేదు. తోడికోడలి నగ చూసో, పక్కింటివాళ్ళ కారు చూసో కుళ్ళుకునే ఆడవాళ్ళుంటారట. నాకు ఆ పని మీద గుమ్మం దాటాల్సిన అవసరమే రాలేదు.

మా ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం. లైబ్రరీ సైన్సు ఒకే క్లాసులో చదివాం. ఒకే నోటిఫికేషన్‌లో గ్రంథపాలకులుగా చేరాం. ఆ తర్వాతే పెళ్ళి చేసుకున్నాం. మా ఆయన దేవీప్రసాద్‌కి మధురవాడ శాఖ ఇచ్చారు, నాకు బీచ్ రోడ్డు కింద జాలరి పేటలో ఉన్న శాఖ ఇచ్చారు. రెంటికీ మధ్యగా ఉంటుందని మద్దిలపాలెంలో, బస్ డిపో వెనక సందులో ఇల్లు తీసుకున్నాం. పొద్దున లేచి ఆయన బండి ఉత్తరానికి తిరిగేది, నా ఆటో సముద్రం వైపు తిరిగేది. శాఖా గ్రంథాలయాలకి శుక్రవారం సెలవు. లోకమంతా ఆదివారం ఇంట్లో ఉంటే మేం శుక్రవారం ఉండేవాళ్ళం. ఇలాంటి సెలవున్నవాళ్ళకి చుట్టాలూ స్నేహితులూ మిగలరు, ఒకరి మొహం ఒకరు చూసుకుని బతకాలి అని నేను అనుకునేదాన్ని.

నా విషయంలో అది నిజమే అయింది. ఆయనకి మాత్రం ఊరంతా తెలుసు.

ఆయన ఫోను చూస్తే మీకే అర్థమవుతుంది. మధురవాడ పుస్తకమిత్రులు అని ఒక గ్రూపు, మార్నింగ్ వాకర్స్ అని ఒకటి, డీఎస్సీ విజేతలు అని ఇంకోటి, అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్ళది మరొకటి. పళ్ళు తోముకుంటూ అందరికీ గుడ్‌మార్నింగులు పెట్టేవాడు. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఎవరి కూతురు ఏ పరీక్ష రాస్తోందో అన్నీ నోటికే. నా పుట్టినరోజు కూడా మర్చిపోడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఒకసారి పక్క గదిలోంచి కేకు బొమ్మ పంపించాడు. అదే బొమ్మ ఆ ఉదయం వాకర్స్ గ్రూపులో ఎవరో రిటైర్డ్ ఇంజనీరుగారికి కూడా పంపినట్టు తర్వాత చూశాను.

మార్చి నెలాఖరులో మా పెళ్ళిరోజుకి సింహాచలం వెళ్ళాం. క్యూలో నిలబడితే బందోబస్తులో ఉన్న ఒక కుర్ర కానిస్టేబులు మా ఆయన్ని చూసి సెల్యూట్ కొట్టాడు. మీ రీడింగ్ రూములో చదివే ఈ ఉద్యోగం కొట్టాను సార్ అన్నాడు. వెనకాలెవరో దంపతులు పలకరించారు. ప్రసాదం దగ్గర ఒకాయన రెండు పులిహోర పొట్లాలు ఎక్కువ తెచ్చి చేతిలో పెట్టాడు. అందరూ నాకూ నమస్కారం పెట్టారు గాని, అది సారుగారి పక్కన నిలబడ్డ చీరకి పెట్టిన నమస్కారం. ఆ పులిహోర నేను తినలేదు, కారం ఎక్కువైందన్నాను. అప్పన్నస్వామి ఎదుట నిలబడి ఆరోగ్యమూ అడగలేదు, ఐశ్వర్యమూ అడగలేదు. నాకంటూ నలుగురు మనుషులుండేలా చూడు స్వామీ అని అడిగాను.

స్వామి ఎలా విన్నాడో తెలీదు. కొండ దిగిన వారానికే పై ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

రిటైరైనవాళ్ళ ఖాళీలు నింపడం లేదు కాబట్టి కొన్ని శాఖలు కలిపేస్తున్నారట. మధురవాడ, జాలరి పేట ఈ రెంట్లో ఒకటే ఉంటుంది. రెండోది పుస్తక నిక్షిప్త కేంద్రం అవుతుంది. అంటే ఎవరి అరుగు మీదో ఒక బీరువా పెట్టి, నెలకోసారి అందులో పుస్తకాలు మార్చి రావడం. గ్రంథపాలకురాలు ఉండదు, బల్లలుండవు, పేపర్లుండవు. ఏది ఉంచాలో కాగితాలు చూసి తేల్చను, పాఠకులే వచ్చి చెప్పాలి, నలుగురి అండ ఉన్న శాఖని ఎవరూ తీయలేరు అన్నాడు ఆఫీసరుగారు. మంచివాడే, ఆయన్నేమీ అనను. టౌన్‌లో ఒక హాలు తీసుకుంటాం, రెండు శాఖల పాఠకులూ వచ్చి మాట్లాడాలి అన్నాడు.

ఎప్పుడు పెడదాం అనగానే మా ఆయన అందుకున్నాడు. జూన్ మధ్యలో ఆదివారం పెడితే ఉద్యోగస్తులంతా వస్తారు సార్ అన్నాడు. గోడకున్న క్యాలెండర్ తిప్పి చూశారు. జూన్ పదిహేను.

మా ఆయనది పాలకొండ వైపు వరి పండించే ఊరు. ఏ కార్తెలో ఏ విత్తనం జల్లాలో తెలుసు గాని సముద్రం సంగతి ఆయనకేం తెలుసు? ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా చేపలు గుడ్లు పెట్టే కాలం. మర పడవలకి వేట నిషేధం. పద్నాలుగో తారీకు అర్ధరాత్రితో నిషేధం తీరిపోతుంది. రెండు నెలలు చేతులు కట్టుకు కూర్చున్న జనం గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి పదిహేనున తెల్లారకుండానే సముద్రంలో పడతారు. ఆ రోజు పేటలో కాలూ చెయ్యీ ఆడే మగాడు ఒడ్డున ఉండడు. ఆడవాళ్ళు పడవలకి ఎదురు చూస్తూ, వేలంపాట దగ్గర కొట్టుకుంటూ ఉంటారు. ఏడాదికంతటికీ అదొక్క రోజు.

"మీకేమైనా అభ్యంతరమా అమ్మా?" అని ఆఫీసరుగారు నన్నడిగాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ ఆయనే అడుగుతున్నాడు, నోరు తెరిచి ఒక్క మాట అంటే ఇంకో ఆదివారానికి మారిపోతుంది. కానీ నా పక్కన మా ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన పెట్టిన తేదీని నా కోసం మార్చమని ఆయన ఎదుటే బతిమాలడం నావల్ల కాలేదు. ఇంకోటి కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. ఏళ్ళ తరబడి ఆ పేటలో పనిచేస్తున్నాను కదా, నా కోసం ఒక్క రోజు సముద్రాన్ని వదులుకుంటారా లేదా చూద్దామనిపించింది. మొగుడి మీద చాలక సముద్రం మీద కూడా కుళ్ళు పుట్టిందన్నమాట.

"అభ్యంతరం ఏమీ లేదండీ" అన్నాను.

ఇంటికి వస్తుంటే బండి మీద ఆయనే మాట కదిపాడు. ఆఫీసులో చక్కటి తెలుగు మాట్లాడతాడు గాని బండెక్కితే ఆయన ఊరు ఆయన నోట్లోకి వచ్చేస్తుంది.

"ఏటి, మాటాడవేటి?"

"ఏటి మాటాడాలి? ఎవులి శాఖ ఆల్లది."

"ఏది ఉన్నా మనదే గదే."

"మీది ఉంటే మీది. నాది ఉంటే నాది."

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు అన్నారు గాని, ఒకే బండి మీద ఇద్దరు గ్రంథపాలకులు ఎలా ఇమడాలో చెప్పలేదు. ఇల్లు చేరేదాకా బండి వెనక కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. ఆయన భుజం మీద చెయ్యి వెయ్యలేదు.

మే నెలలో ఒక శుక్రవారం శ్రీసత్య మా ఇంటికొచ్చింది. మధురవాడలో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే పిల్ల. సాయంత్రాలు వచ్చి మా ఆయన శాఖలో పిల్లలకి వేసవి శిబిరం నడిపేది, గ్రూపులన్నిటికీ పోస్టర్లు తయారుచేసేది. చలాకీ పిల్ల, నవ్వు బావుంటుంది. అందుకే నాకు నచ్చలేదు. లాప్‌టాప్ తెరిచి ఆదివారం సభకి ఎంతమంది వస్తామన్నారో, ఎవరెవరి కార్లలో వస్తారో, ఎవరు ముందు మాట్లాడాలో ఆయనకి చూపించింది. ఇద్దరూ ఒకే తెర మీదకి వంగి అరగంట మాట్లాడుకున్నారు. నేను కాఫీ ఇచ్చాను. ఆయన్ని సార్ అంది, నన్ను ఆంటీ అంది. ఆయన నాకన్నా పెద్దవాడు, తలకి రంగేస్తాడు.

"మీరు కూడా లైబ్రరీలోనే చేస్తారంట కదా ఆంటీ? సార్ చెప్పేదాకా నాకు తెలీదు."

"నాకూ ఒక్కోసారి తెలీదమ్మా" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. ఆయన నవ్వలేదు, కాఫీలో పంచదార తక్కువైందన్నాడు. శ్రీసత్య వెళ్ళాక నేనే అడిగాను, సభలో గెలిస్తే నన్నెక్కడ కూర్చోబెడతారని. రెండు శాఖలూ ఒకటయ్యాక పిల్లల విభాగం నువ్వే చూద్దువు గాని అన్నాడు. అంటే అప్పటికే ఆలోచించి పెట్టాడు. నాకు కుర్చీ కూడా చూసి పెట్టాడు, తన కుర్చీకి ఎడంపక్కన. ఆ రాత్రి నేను తినకుండా పడుకున్నాను, ఆకలి లేదని చెప్పి.

ఇక నా శాఖ సంగతి. ఒక గది, ఒక వరండా. గదిలో పుస్తకాలు, వరండాలో మనుషులు. వేట నిషేధం మొదలైతే పేటలో మగవాళ్ళంతా వలలు మోసుకొచ్చి మా వరండాలో పడేసి, చిరుగులు అల్లుకుంటూ కూర్చునేవాళ్ళు. పోలిరాజు అని పేటకి పెద్ద, పడవ సొంతదారు, ఏడో క్లాసు దాకా చదివాడు. పేపరు ఆయన గట్టిగా చదివేవాడు, మిగతావాళ్ళు వల మీంచి కళ్ళెత్తకుండా వినేవాళ్ళు. మధ్యలో రాజకీయాల మీద తగువులు. నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డుకే వల తాడు కట్టుకునేవాళ్ళు. చేరిన కొత్తలో కసిరాను, తర్వాత మానేశాను. రిజిస్టర్లో సంతకం పెట్టేది చదివిన పోలిరాజొక్కడే. విన్నవాళ్ళు చదివినట్టు కాదు కదా అని వాళ్ళే పెట్టేవాళ్ళు కాదు. అందుకని పై ఆఫీసు లెక్కల్లో మా పేటకి ఒక్కడే పాఠకుడు.

సాయంత్రం ఆడవాళ్ళొచ్చేవాళ్ళు. వేట లేని రోజుల్లో ఎండు చేపలమ్ముకుని, గంపలు మెట్ల మీద బోర్లించి కూర్చునేవాళ్ళు. వారపత్రికలో సీరియల్ ఒకటి నేను చదివి వినిపించేదాన్ని. వాళ్ళలో తవిటమ్మ అని ఒక ముసలమ్మ, అక్షరం ముక్క రాదు గాని పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో పత్రిక వాళ్ళకన్నా ఆమెకే బాగా గుర్తు. ఆ సీరియల్లో అత్తగారిని రోజూ తిట్టేది, తనకీ నలుగురు కోడళ్ళున్నారన్నది మర్చిపోయి.

వీళ్ళు నా మనుషులని నేను అనుకోలేదు. నీడ కోసం వస్తారు అనుకునేదాన్ని. మా ఆయనకున్నది పరపతి, నాకున్నది వరండా.

జూన్ మొదటి వారం, వలలు దాదాపు అల్లడం అయిపోయింది. పంపకాల మీద మాట నడుస్తోంది. పడవకి ఒక వాటా, వలకి ఒకటి, ఇంజనుకి ఒకటి, ఎక్కిన మనిషికి ఒకటి అని నాకు తెలుసు. కానీ ఎవరో ఒడ్డు వాటా అన్నారు. అదేమిటని అడిగాను.

"అది నిసేదం తీరినాక మొదటి ఏటలోనే ఉంటాది మేడమ్" అన్నాడు పోలిరాజు. "మా పడవ మడిసే, ఎక్కాల్సినోడే. కాలిరిగిందో, ఇంట్లో కట్టమొచ్చిందో ఒడ్డునుండిపోనాడనుకో. ఆడి వాటా ఆడికి తీసేత్తాం. పోయినేడు తవిటమ్మ మొగుడికిచ్చినాం, మంచం మీదున్నాడని."

"అడిగిన వాళ్ళందరికీ ఇస్తారా?"

"అడిగితే ఇవ్వం. పడవ మడిసికే."

అప్పుడు చెప్పాను. పదిహేనో తారీకు ఆదివారం టౌన్‌లో సభ ఉంది, మీరంతా రావాలి, వచ్చి ఈ లైబ్రరీ కావాలని చెప్పాలి, రాకపోతే ఇది ఉండదు అన్నాను. వల అల్లే చేతులు ఆగాయి. సముద్రం హోరు ఆ వరండాలోకి ఎప్పుడూ వస్తుంది గాని ఆ రోజు మరీ ఎక్కువగా వినిపించింది.

"ఆ రోజు ఏట మేడమ్" అన్నాడు పోలిరాజు.

"తెలుసు."

"తెలిసే ఒప్పుకున్నారా?"

ఆ తేదీ మా ఆయన పెట్టాడు అన్నాను. అప్పటిదాకా మెట్ల మీద కూర్చుని ఆకు నములుతున్న తవిటమ్మ నా వైపు తిరిగింది.

"మారిసీమని మీ ఆయనకి సెప్పలేకపోనావేటమ్మా?"

"చెప్పను" అన్నాను.

"ఓస్" అంది. "మొగుడూ పెళ్ళాల పంతంలోకి మా ఏటనీ, మీ లైబ్రరీనీ లాగినావేటి."

ఎవరో నవ్వారు. పోలిరాజు నవ్వలేదు. సూద్దాం మేడమ్ అన్నాడు. వాళ్ళు వస్తామంటే వస్తారు. చూద్దామంటే రారు. అన్నేళ్ళుగా ఆ మాత్రం నేర్చుకున్నాను. సాయంత్రం ఆటోలో ఇంటికి వస్తూ వాళ్ళ మీద కూడా కోపం తెచ్చుకున్నాను. ఆయన గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే నిమిషంలో వంద బొటనవేళ్ళు లేస్తాయి, నేను ఎదురుగా నిలబడి నోరు విడిచి అడిగితే సూద్దాం.

ఆదివారం పొద్దున ఆయన తెల్ల చొక్కా వేసుకున్నాడు. నేను ఉన్న వాటిలో మంచి నేత చీర కట్టుకున్నాను. ఒకే బండి మీద వెళ్ళాం.

హాల్లో రెండు వైపులా కుర్చీలు వేశారు. కుడివైపు మధురవాడ, ఎడమవైపు జాలరి పేట. పది గంటలకల్లా కుడివైపు నిండిపోయింది. శ్రీసత్య అందరికీ పసుపు రంగు బ్యాడ్జీలు పెడుతోంది. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, డీఎస్సీ రాసే ఆడపిల్లలు, వాకర్స్, అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలు. కుర్చీలు చాలక కొందరు నా వైపున్నవి ఎత్తి అటు వేసుకున్నారు. తీసుకోవచ్చా మేడమ్ అని మర్యాదగా అడిగే తీసుకున్నారు. ఎడమవైపు మొదటి వరసలో నేనొక్కదాన్నే. గుమ్మం వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుని, ప్రతి అడుగు చప్పుడుకీ చూశాను.

మా ఆయన మీద ఎంత కుళ్ళో ఆ గంటలో నాకు పూర్తిగా తెలిసింది. ఆయన అటూ ఇటూ తిరుగుతుంటే ఒక్కొక్కరూ లేచి చెయ్యి కలుపుతున్నారు. నేను ఆయన్ని కోరి చేసుకున్నాను, ఆ మనిషికి చెడు జరగాలని ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఆ క్షణం ఆ హాలు పైకప్పు కుడివైపు మాత్రం కూలితే బావుండునని అనిపించింది.

ఆఫీసరుగారు వచ్చి కూర్చున్నాడు. ఎడమవైపు చూశాడు.

"మీ పాఠకులేరమ్మా?"

"సముద్రం మీద ఉన్నారండీ" అన్నాను.

అటువైపు వెనక వరసల్లో చిన్న నవ్వు లేచింది. మా ఆయన నవ్వలేదు. చేతిలో కాగితాలు పక్కవాళ్ళకిచ్చి నా దగ్గరికొచ్చి వంగాడు.

"ఏటే, ఇయ్యాల ఏట మొదలా?"

"ఊఁ."

"ఆ రోజే సెప్పొచ్చు గదే."

"మీరు అడగొచ్చు కదా" అన్నాను.

ఆయన నా వెనక ఖాళీ వరసల వైపు చూశాడు. తర్వాత మైకు దగ్గరికి వెళ్ళాడు. ఈ తేదీ పెట్టింది నేనే, జాలరి పేట వాళ్ళకి ఈ రోజెలాంటిదో కనుక్కోకుండా పెట్టాను, సభ ఇంకో రోజుకి మార్చండి అన్నాడు. వరండా గురించి చెప్పాడు, పేపరు వినేవాళ్ళ గురించి చెప్పాడు. ఇవన్నీ నేనెప్పుడో అన్నం తింటూ చెప్పినవే, వింటున్నాడని అనుకోలేదు. నా శాఖ గురించి నాకన్నా ఆయనే బాగా మాట్లాడాడు. హాలంతా చెవులప్పగించి విన్నది. నాకు అదీ కడుపుమంటే.

అయినా లాభం లేకపోయింది. అపార్ట్‌మెంట్ సంఘం పెద్దమనిషి ఒకాయన లేచి, అందరం సెలవు రోజు పనులు మానుకుని వచ్చాం, ఇవాళే తేల్చండి సార్ అన్నాడు. ఆయన వెనకాల చప్పట్లు. మా ఆయన కూడగట్టిన జనం మా ఆయన మాటే వినలేదు. ఆఫీసరుగారు నా వైపు ఒకసారి చూసి, కాగితం మీద రాసుకున్నాడు. మధురవాడ ఉంటుంది. జాలరి పేటలో, వాళ్ళ లెక్కల్లో ఉన్న ఆ ఒక్క పాఠకుడు పోలిరాజు ఇంటి అరుగు మీద బీరువా పెడతారు. గ్రంథపాలకుడు దేవీప్రసాద్, ఆయన కింద కుసుమకుమారి. నా పేరు ఆ రోజు మైకులో వినిపించింది అదొక్కసారే.

ఇంటికి వచ్చాం. నేను చీర కూడా మార్చుకోకుండా గోడవైపు తిరిగి పడుకున్నాను. వంటింట్లో ఆయన బియ్యం కడుగుతున్న చప్పుడు. ఫోను మోగుతూనే ఉంది, అభినందనలు. కాసేపటికి ఆపేశాడు. అన్నం ఉడికింది గాని కూర సంగతి ఇద్దరం ఎత్తలేదు.

అప్పుడు ఎవరో తలుపు కొట్టారు. ఆయనే తీశాడు.

"లైబ్రరీ మేడమ్ ఇల్లు ఇదేనా బాబూ?"

ఆ గొంతు విని లేచి కూర్చున్నాను. తవిటమ్మ. తడి చీర ఎగదోపుకుని, నెత్తి మీద గంపతో నిలబడి ఉంది. డిపో దగ్గర అడిగితే లైబ్రరీ సారు ఇల్లేనా అన్నారట. సారుది కాదు మేడమ్‌ది అని చెప్పి సందు సందూ తిరిగి వచ్చిందట. నేను గుమ్మంలోకి వచ్చేసరికి గంప దింపి, తడి గోనె పక్కకి లాగింది. చెయ్యంత పొడుగు కోనాం చేప, ఇంకా మెరుస్తోంది. రెండు చేతులా ఎత్తి గడప మీద పెట్టింది.

"తీసుకో అమ్మా. ఒడ్డు వాటా."

ఎవరు తీశారని అడిగాను.

"పోలిరాజు తీసినాడు. మా పడవ మడిసి టౌనులో పని పడి ఒడ్డునుండిపోనాది, దాని వాటా దానికివ్వాల అన్నాడు. ఎవులూ కాదన్లేదు."

"మన లైబ్రరీ పోయింది తవిటమ్మా."

"తెలుసు, పోలిరాజుకి ఆఫీసు ఫోనొచ్చినాది. బీరువా ఆడి అరుగు మీదేనంట గదా. పోనీ. సీరియలు సగంలో ఉంది. ఎప్పుడొత్తావు?"

"నెలకోసారి వస్తాను, పుస్తకాలు మార్చడానికి."

"నెలకోసారేటి? నీకు శుక్కురోరం సెలవు గదా."

అన్నేళ్ళుగా నా సెలవు ఎప్పుడో మా చుట్టాల్లో ఒక్కరికి గుర్తు లేదు. శుక్రవారం వస్తానన్నాను. మా ఆయన ఈలోగా లోపలికెళ్ళి పర్సు తెచ్చి తెరుస్తున్నాడు. తవిటమ్మ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"వాటాకి డబ్బులిత్తారేటి బాబూ?" అంది. గంప చంకన పెట్టుకుని, వేలం ఇంకా అవలేదంటూ మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయింది.

ఆయన పర్సు మూసి జేబులో పెట్టుకున్నాడు. గడప దగ్గర గొంతుక్కూర్చుని ఆ చేపనే చూస్తున్నాడు.

"ఇన్నేల్లయింది" అన్నాడు చివరికి. "ఇంతమంది తెలుసు. నాకు ఎవులూ ఒక సేప తేలేదు."

"గుడ్‌మార్నింగులు తెచ్చారు కదా" అన్నాను.

తలెత్తి నా వైపు చూశాడు. పెదవులు నవ్వుతున్నట్టే ఉన్నాయి గాని కళ్ళు నవ్వలేదు. ఆ మొహం నేను వెంటనే గుర్తుపట్టాను. ఆ వేసవంతా పొద్దున్నే బొట్టు పెట్టుకుంటూ అద్దంలో చూసిన మొహమే. జాలి పడి ఉండాల్సింది, పడలేదు. చాలా బావుంది. శాఖ పోయిన బాధ పక్కకి జరిగి ఆ సంతోషానికి కాస్త చోటిచ్చింది. కత్తిపీట తెచ్చి ఆయన ముందు పెట్టి, తలకాయ నాకుంచి మిగతాది ముక్కలు కొయ్యండి అన్నాను. కోశాడు. పులుసు ఇద్దరం రెండుసార్లు వడ్డించుకున్నాం.

సోమవారం నుంచి ఆయన కుర్చీకి ఎడంపక్కన కూర్చుంటున్నాను. శ్రీసత్య ఇప్పుడు నన్ను మేడమ్ అంటోంది. అదేమంత పట్టించుకోను.

ఆ శుక్రవారం నేను వారపత్రిక సంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంటుంటే ఆయన ఫోను పక్కన పడేసి గుమ్మంలోకి వచ్చాడు. ఇల్లంతా ఆయనొక్కడికే మిగిలినట్టు నిలబడ్డాడు.

"నానూ రానా?" అన్నాడు.

"ఆల్లనడిగి సెప్తాను" అని ఆటో ఎక్కాను.